ఇంజనులో గుర్రాలెన్ని?

హైదరాబాదు నుండి పుణె వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, జహీరాబాదు దాటిన తరువాత, కర్ణాటక సరిహద్దుకు చేరువలో చిరాగ్‌పల్లి అనే గ్రామం ఉన్నది. సరిహద్దు దగ్గర ఉండిన రవాణాశాఖ తనిఖీ కేంద్రం మూలంగా లారీవారికి ఇది చిరపరిచితమైన పేరు. ఈ దారిలో చెరకు బండిని లాగుతూ ఒక ట్రాక్టరు పోతుంది. దానిని దాటుకొని ఒక లారీ, లారీని దాటుకొని రివ్వున ఒక స్పోర్ట్సు కారు పోతాయి. ట్రాక్టరు ఇంజను 45 అశ్వసామర్థ్యం కలదని, కారు ఇంజను 342 అశ్వసామర్థ్యం కలదని అమ్మినవారు చెప్పి ఉంటారనుకుందాం. చెరకు బండి బరువును రోజంతా లాగేది 45 గుర్రాల యంత్రం. ఇద్దరు మనుషులను మాత్రమే మోసేది 342 గుర్రాల యంత్రం. ఇది వింతగా తోచవచ్చు. అసలు ఈ గుర్రాలను ఎవరు లెక్కపెట్టారు? ఎట్లా లెక్కపెట్టారు? ఆ లెక్క నిజమేనా?

ఈ ప్రశ్నలు కుతూహలం కొరకు మాత్రమే అడిగేవి కావు. రైతు బ్యాంకులో అప్పు చేసి ట్రాక్టరు కొంటున్నప్పుడు దాని ధర చాలామట్టుకు అశ్వసామర్థ్యాన్ని బట్టే నిర్ణయమవుతుంది. కొనేది నాగలి కాదు, చక్రం కాదు, ఒక సంఖ్య. ఆ సంఖ్యను తేల్చే యంత్రమే డైనమోమీటరు. వర్క్‌షాపులలో దీనిని క్లుప్తంగా డైనో అంటారు.

గుర్రం కొలబద్ద అయిన విధం

18వ శతాబ్దం చివరి భాగంలో ఇంగ్లండులో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలను అమ్మజూపినప్పుడు కొనేవారు అడిగిన ప్రశ్న ఒకటే: "ఇది ఎన్ని గుర్రాల పని చేస్తుంది?" అప్పటికి మరలను తిప్పుతున్నవి గుర్రాలే. మన పల్లెలలో గానుగ చుట్టూ ఎద్దు తిరిగినట్లు, అక్కడ మర చుట్టూ గుర్రం తిరిగేది. వాట్ ఇట్లా లెక్క వేశాడు: గుర్రం 12 అడుగుల వ్యాసార్ధం గల వలయంలో గంటకు 144 సార్లు తిరుగుతుంది; 180 పౌండ్ల బలంతో లాగుతుంది. బలాన్ని, నిమిషంలో నడిచిన దూరంతో హెచ్చిస్తే దాదాపు 32,600 అడుగు-పౌండ్లు వస్తుంది. దీనిని సవరించి నిమిషానికి 33,000 అడుగు-పౌండ్ల పనిని ఒక అశ్వసామర్థ్యంగా స్థిరపరిచారు. నేటి ప్రమాణాలలో ఇది 746 వాట్లు.

ఐరోపా ఖండంలో మెట్రిక్ పద్ధతి వచ్చిన తరువాత, సెకనుకు 75 కిలోల బరువును ఒక మీటరు ఎత్తుకు లేపే సామర్థ్యాన్ని మెట్రిక్ అశ్వసామర్థ్యం అన్నారు. ఇది 735.5 వాట్లు. రెండింటికీ తేడా నూటికి ఒకటిన్నర లోపే. అయినా 500 బ్రిటిషు గుర్రాలు 507 మెట్రిక్ గుర్రాలు అవుతాయి. కొలమానం పేరు చెప్పకుండా సంఖ్య మాత్రం చెబితే, ఏమీ చేయకుండానే ఇంజనులోకి ఏడు గుర్రాలు వచ్చి చేరుతాయన్నమాట! ఈ వ్యాసంలో ఇకమీదట వచ్చే లెక్కలన్నీ మెట్రిక్ గుర్రాలలోనే.

బావి మీది 5 అశ్వసామర్థ్యపు మోటారును తీసుకొందాం. నీరు 25 మీటర్ల లోతున ఉంటే, నష్టాలేమీ లేనప్పుడు అది సెకనుకు 5 × 75 ÷ 25, అనగా 15 లీటర్ల నీటిని పైకి తోడాలి. నిజానికి అంతకంటె తక్కువే వస్తుంది. చెప్పిన సామర్థ్యానికి, చేతికి అందిన సామర్థ్యానికి మధ్య ఉండే ఈ అంతరమే మన విషయానికి ప్రాణం.

టార్కు వేరు, సామర్థ్యం వేరు

బిగిసిన నట్టును పానాతో తిప్పుతాము. పానా పిడి పొడవైనకొద్దీ నట్టు సులభంగా వదులవుతుంది. చేతి బలాన్ని పిడి పొడవుతో హెచ్చించగా వచ్చేదే టార్కు. బలాన్ని న్యూటన్లలోను, పొడవును మీటర్లలోను తీసుకొంటే టార్కు న్యూటన్-మీటర్లలో వస్తుంది. ఇంజను తన క్రాంకు షాఫ్టును ఎంత గట్టిగా మెలిపెట్టగలదో చెప్పేది టార్కు. ఆ మెలిపెట్టడం ఎంత త్వరత్వరగా చేయగలదో కలిపి చెప్పేది సామర్థ్యం. సూత్రం ఇది:

సామర్థ్యం (వాట్లలో) = 6.283 × సెకనుకు భ్రమణాలు × టార్కు

పైన చెప్పిన కారు ఇంజను నిమిషానికి 6,000 సార్లు, అనగా సెకనుకు 100 సార్లు తిరుగుతూ 400 న్యూటన్-మీటర్ల టార్కు ఇస్తున్నదనుకుందాం. అప్పుడు సామర్థ్యం దాదాపు 2,51,000 వాట్లు, లేదా 251 కిలోవాట్లు. దీనిని 0.7355తో భాగిస్తే 342 గుర్రాలు సరిపోతాయి.

గేర్లు టార్కును పెంచుతాయి కనుక సామర్థ్యాన్ని కూడా పెంచుతాయని కొందరు భ్రమపడతారు. గేర్ల మూలంగా చక్రాలు ఇంజనుకంటె ఐదు రెట్లు నెమ్మదిగా తిరిగితే, టార్కు ఐదు రెట్లు పెరిగి 2,000 న్యూటన్-మీటర్లవుతుంది. కాని వేగం 6,000 నుండి 1,200 భ్రమణాలకు తగ్గుతుంది. హెచ్చిస్తే వచ్చే ఫలితం మారదు. గునపంతో బండను లేపేటప్పుడు బలం పెరుగుతుంది గాని, చేసే పని పెరగదు కదా! గేరు కూడా అటువంటిదే. ట్రాక్టరు తక్కువ గుర్రాలతోనే ఎక్కువ బరువును లాగడానికి ఇదే కారణం. దాని గేర్లు వేగాన్ని బాగా తగ్గించి, లాగుడు బలాన్ని పెంచుతాయి. దాని పెద్ద చక్రాలు, బరువు ఆ బలాన్ని నేలకు అందిస్తాయి.

సామర్థ్యాన్ని నేరుగా కొలిచే సాధనమేదీ లేదు. టార్కును ఒకచోట, భ్రమణాలను ఇంకొకచోట కొలిచి, రెండింటిని హెచ్చించాలి. డైనమోమీటరు చేసే పని ఇదే.

తాడు, తక్కెడ, నీళ్ళు

తిరిగే ఇంజను ఎంత బలం చూపగలదో తెలియాలంటే దానికి ఎదురుగా ఒక భారం పెట్టాలి. ఖాళీగా తిరిగే ఇంజను ఏమీ చెప్పదు. 1821లో ఫ్రెంచి ఇంజనీరు గస్పార్ ద ప్రోనీ ఈ పనికి ఒక తేలిక మార్గం కనుగొన్నాడు. తిరిగే షాఫ్టును చెక్క దిమ్మెలతో బిగించి పట్టుకొని, ఆ దిమ్మెలు షాఫ్టుతోబాటు తిరిగిపోకుండా పొడవైన కమ్మి చివర బరువులు వేలాడదీశాడు. ఆ బరువును కమ్మి పొడవుతో హెచ్చిస్తే టార్కు వచ్చేస్తుంది.

మన కళాశాలల ప్రయోగశాలలలో కనబడే తాడు బ్రేకు దీని సోదరే. నెమ్మదిగా తిరిగే ఒక ఆయిల్ ఇంజను చక్రం చుట్టూ తాడు వేసి, ఒక కొసకు 40 కిలోల బరువు వేలాడదీసి, రెండవ కొసను స్ప్రింగు తక్కెడకు కట్టారనుకోండి. ఇంజను నిమిషానికి 600 సార్లు తిరుగుతున్నప్పుడు స్ప్రింగు తక్కెడ 4 కిలోలు చూపిస్తే, ఇంజను నికరంగా ఎదుర్కొంటున్నది 36 కిలోల బలం. చక్రం వ్యాసార్ధం 25 సెంటీమీటర్లయితే టార్కు 9 కిలో-మీటర్లు. నిమిషానికి 4,500 కిలో-మీటర్ల పని ఒక మెట్రిక్ గుర్రం కనుక, 6.283 × 600 × 9 ÷ 4,500, అనగా ఇంజను ఏడున్నర గుర్రాలది అని తేలుతుంది. ఇందుకు కావలసినవి ఒక తాడు, ఒక తక్కెడ, ఒక గడియారం, భ్రమణాలను లెక్కించే చిన్న సాధనం మాత్రమే.

అయితే ఇంజను చేసిన పని అంతా ఏమయింది? ఒరిపిడి వలన వేడిగా మారింది. ఏడున్నర గుర్రాల వేడి నిమిషానికి ఒక లీటరు నీటిని దాదాపు 79 సెల్సియస్ డిగ్రీలు వేడెక్కిస్తుంది. అందుకే తాడు బ్రేకు చక్రం లోపలి అంచులో నీళ్ళు పోస్తూ ఉంటారు. 500 గుర్రాల కారు ఇంజనైతే నిమిషానికి 100 లీటర్ల నీటిని 50 డిగ్రీలకు పైగా వేడిచేస్తుంది. దీనికి తాడు, చెక్క ఆగవు.

ఈ చిక్కును ఇంగ్లండుకు చెందిన విలియం ఫ్రౌడ్ 1877లో పరిష్కరించాడు. అతడు ఒరిపిడికి బదులు నీటినే బ్రేకుగా వాడాడు. గిన్నెల వంటి పల్లాలు గల చక్రం నీటిని చిలుకుతుంది. ఆ నీరు ఎదుటి పెట్టెలోని పల్లాలను నెట్టుతుంది. పెట్టె తిరిగిపోకుండా ఒక చెయ్యి దానిని ఆపుతుంది. ఆ చేతి చివర తక్కెడ ఉంటుంది. వేడెక్కిన నీరు బయటకు పోయి, చల్లని నీరు లోపలికి వస్తుంది. ఈ నీటి బ్రేకులు నేటికీ పెద్ద ఇంజనులకు వాడుకలో ఉన్నవి. మరొక రకంలో అయస్కాంతాల మధ్య లోహపు బిళ్ళ తిరుగుతుంది. బిళ్ళలో పుట్టే సుడి విద్యుత్ప్రవాహాలు దానిని అడ్డగిస్తాయి. అయస్కాంతానికి పంపే విద్యుత్తును హెచ్చించినా తగ్గించినా భారం వెంటనే మారుతుంది కనుక ఇది చాలా అనుకూలమైనది.

ఏ రకమైనా చివరకు తక్కెడ తప్పదు. నేడు తక్కెడ స్థానంలో లోడ్‌సెల్ వచ్చింది. బరువు పడినప్పుడు వెంట్రుకవాసి సాగే లోహపు ముక్క, ఆ సాగుడును విద్యుత్ నిరోధంలో మార్పుగా చూపే సన్నని తీగ — ఇదే లోడ్‌సెల్. చెరకు బండ్లను తూచే కాటా కింద ఉండేది కూడా ఇదే. కాటా సరిగా ఉన్నదో లేదో తెలుసుకొనడానికి తూనికల శాఖవారు తెలిసిన బరువులు పెట్టి చూస్తారు. డైనమోమీటరునూ అట్లాగే పరీక్షిస్తారు: ఒక మీటరు చేతి చివర 50 కిలోల బరువు వేలాడదీస్తే అది 490 న్యూటన్-మీటర్లు చూపాలి. అట్లా చూపని యంత్రం ఎంత ఖరీదైనదైనా దాని మాట నమ్మదగినది కాదు. కాటా తప్పయితే రైతుకు జరిగే నష్టమే, డైనో తప్పయితే కొనుగోలుదారుకు జరుగుతుంది.

రోలర్ల మీద కారు

తయారీదారు ఇంజనును కారులో అమర్చక ముందే విడిగా బల్ల మీద బిగించి కొలవగలడు. కారు కొన్నవాడు అట్లా చేయలేడు. అతని కొరకు ఉన్నది రోలరు డైనో. నేలలో అమర్చిన బరువైన రోలర్ల మీద కారు చక్రాలను నిలిపి, కారును పట్టాలతో గట్టిగా కట్టివేస్తారు. ఎదురుగా పెద్ద పంకా పెడతారు. కారు కదలదు కనుక రేడియేటరుకు గాలి వేరే దారిలో రాదు. డ్రైవరు ఆక్సిలరేటరు పూర్తిగా నొక్కుతాడు. చక్రాలు రోలరును తిప్పుతాయి. ఎంత త్వరగా రోలరు వేగం పుంజుకొంటుందో చూసి సామర్థ్యం లెక్కకడతారు.

రోలరు అంచు దగ్గర దాని జడత్వం 1,000 కిలోల బరువుకు సమానమనుకుందాం. అంచు వేగం ఒక సెకనులో సెకనుకు 40 మీటర్ల నుండి 45 మీటర్లకు, అనగా గంటకు 144 నుండి 162 కిలోమీటర్లకు పెరిగింది. గతిశక్తి సూత్రం ప్రకారం వేగాల వర్గాల భేదం 2,025 − 1,600 = 425. దీనిని బరువులో సగమైన 500తో హెచ్చిస్తే 2,12,500 జౌళ్ళు. ఇది ఒక సెకనులో అందిన శక్తి కనుక సామర్థ్యం 212.5 కిలోవాట్లు, లేదా 289 గుర్రాలు.

మన కారు ఇంజను 342 గుర్రాలదని చెప్పారు. రోలరు చూపినవి 289. తక్కిన 53 గుర్రాలు ఏమైనట్లు? అమ్మినవాడు మోసం చేశాడా?

దారిలో మిగిలిపోయిన గుర్రాలు

తొందరపడి నింద వేయరాదు. ఇంజను నుండి నేలకు వచ్చే దారి పొడవైనది. గేరుపెట్టెలో పళ్ళు ఒకదానితో ఒకటి ఒరుసుకొంటాయి. అవి నూనెను చిలుకుతాయి. బేరింగుల వద్ద ఘర్షణ ఉన్నది. టైర్లు రోలరు మీద నొక్కుకొని, వంగి, మళ్ళీ నిటారవుతూ వేడెక్కుతాయి. కొంత జారుడు కూడా ఉంటుంది. ఇవిగాక, వేగం పెరుగుతున్నంతసేపూ ఇంజను తన సొంత ఫ్లైవీలును, చక్రాలను కూడా వేగవంతం చేసుకోవాలి. చిన్న గేరులో ఇంజను వేగం చరచరా పెరుగుతుంది కనుక ఈ ఖర్చు ఎక్కువ. అందుచేతనే పరీక్షను సాధారణంగా ఇంజను వేగానికి దగ్గరగా గేరుపెట్టె షాఫ్టు తిరిగే పై గేరులో చేస్తారు.

ఈ నష్టాలన్నింటికీ కలిపి "పదిహేను శాతం" అని ఒక సంఖ్య వాడుకలో ఉన్నది. రోలరు చూపిన దానిని 0.85తో భాగిస్తే ఇంజను సామర్థ్యం వస్తుందని చాలామంది చెబుతారు. ఇది గుడ్డి లెక్క. నష్టం కారును బట్టి, టైర్ల గాలిని బట్టి, నూనె వేడిని బట్టి మారుతుంది. అన్ని నష్టాలూ సామర్థ్యానికి అనుపాతంలో పెరగవు కూడా. టైర్ల ఘర్షణ వేగాన్ని బట్టి ఉంటుంది. కారు ఇంజనును మార్పుచేసి సామర్థ్యాన్ని రెట్టింపు చేసినా అదే వేగంలో టైర్ల నష్టం రెట్టింపు కానక్కరలేదు.

మెరుగైన పద్ధతి ఒకటి ఉన్నది. పరీక్ష ముగియగానే డ్రైవరు క్లచ్ నొక్కి వదిలిపెడతాడు. రోలరు, చక్రాలు వాటంతట అవి నెమ్మదిస్తాయి. అదే 45 నుండి 40 మీటర్ల వేగానికి పడిపోవడానికి 8 సెకనులు పట్టిందనుకుందాం. 2,12,500 జౌళ్ళను 8తో భాగిస్తే దాదాపు 26.6 కిలోవాట్లు. టైర్లు, గేర్లు తినివేస్తున్నది సుమారుగా ఇంత. దీనిని 212.5కు కలిపితే 239 కిలోవాట్లు, అనగా 325 గుర్రాలు. మిగిలిన 17 గుర్రాలకు భారం కింద గేరుపళ్ళ అదనపు ఘర్షణ, ఫ్లైవీలు జడత్వం బాధ్యత వహించవచ్చు. మోసమనుకొన్నది ఇప్పుడు చాలామట్టుకు సమాధానపడినది. కొలతకు కొలత తోడైతే అనుమానం ఎట్లా తగ్గుతుందో ఇది మంచి ఉదాహరణ.

గాలి చేసే మాయ

ఇంజను పెట్రోలుతో మాత్రమే నడవదు, గాలితో నడుస్తుంది. సిలిండరులోకి ఎంత గాలి ప్రవేశిస్తే అంత ఇంధనం మండుతుంది. జహీరాబాదు సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. అక్కడ వాయుపీడనం 94 కిలోపాస్కళ్ళ ప్రాంతంలో ఉంటుంది; సముద్రతీరాన అది దాదాపు 101. దీనికి వేసవి మధ్యాహ్నపు 40 డిగ్రీల వేడి తోడైతే గాలి మరీ పలచబడుతుంది.

అందువలన అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ కారు ఇంజనుల పరీక్షకు 25 డిగ్రీల ఉష్ణోగ్రతను, 99 కిలోపాస్కళ్ళ పొడిగాలి పీడనాన్ని ఆధారంగా నిర్ణయించింది. ఆ గాలితో పోలిస్తే జహీరాబాదు వేసవి మధ్యాహ్నపు గాలి సాంద్రత పదవ వంతు తక్కువ. విశాఖపట్నంలో జనవరి ఉదయాన కొలిచిన కారును మే నెల మధ్యాహ్నం చిరాగ్‌పల్లి దగ్గర కొలిస్తే, ఏ లోపమూ లేకుండానే గుర్రాలు తగ్గుతాయి. టర్బోచార్జరు గల ఇంజను గాలిని నొక్కి పంపుతుంది కనుక దానికి ఈ నష్టం కొంత తక్కువ.

ఈ తేడాను సవరించడానికి ఒక గుణకాన్ని వాడతారు. అది న్యాయమైనదే. కాని దురుపయోగానికి కూడా అదే ద్వారం. గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలు ఉండగా, ఉష్ణమాపకాన్ని వేడి ఇంజను పక్కన పెట్టి 45 అని నమోదు చేస్తే, సూత్రం ప్రకారం ఫలితం దాదాపు 3 శాతం పెరుగుతుంది. 300 గుర్రాల కారుకు తొమ్మిది గుర్రాలు కాగితం మీద పుట్టుకొస్తాయి. అందుచేత డైనో కాగితం మీద గుర్రాల సంఖ్యతోబాటు పీడనం, ఉష్ణోగ్రత, ఏ ప్రమాణం ప్రకారం సవరించారో కూడా ఉండాలి. ఈ వివరాలు లేని కాగితం తేదీ లేని దస్తావేజు వంటిది.

ఎక్కువ చెప్పినవారు, తక్కువ చెప్పినవారు

అమెరికాలో 1970 దశకం ఆరంభం వరకు ఇంజనును పంకా, సైలెన్సరు, డైనమో వంటి తోడు సామగ్రి చాలామట్టుకు తొలగించి కొలిచి, ఆ స్థూల సంఖ్యనే ప్రకటించేవారు. 1972 నాటికి సామగ్రి అంతా బిగించి కొలిచే నికర పద్ధతికి మారారు. దానితో అవే ఇంజనుల గుర్రాలు ఒక్కసారిగా కాగితం మీద పడిపోయాయి. ఇంజను మారలేదు, కొలిచే తీరు మారింది.

1999లో ఫోర్డు కంపెనీ తన మస్టాంగ్ కోబ్రా కారుకు 320 గుర్రాలని ప్రకటించింది. కొన్నవారు రోలర్ల మీద పరీక్షించి, అంత రావడం లేదని పట్టుకొన్నారు. కంపెనీ అమ్మకాలను ఆపి, అమ్మిన కార్లను వెనుకకు పిలిపించి సరిచేయవలసి వచ్చింది. 2001లో మాజ్డా కంపెనీ తన చిన్న స్పోర్ట్సు కారు మియాటాకు చెప్పిన 155 గుర్రాలను 142కు సవరించుకొని, కావలసినవారి నుండి కార్లను తిరిగి కొంటామని ప్రకటించింది. ఇట్లాంటి అనుభవాల తరువాత 2005లో అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం, స్వతంత్ర సాక్షి సమక్షంలో పరీక్ష జరిపి ధ్రువీకరించే పద్ధతిని ప్రవేశపెట్టింది.

జపానులో దీనికి తలకిందులుగా జరిగింది. ప్రమాదాలు పెరుగుతున్నవన్న ఆందోళన వలన అక్కడి కంపెనీలు 1989 నుండి తమ కార్లకు 280 గుర్రాలకు మించి ప్రకటించరాదని తమలో తాము ఒప్పందానికి వచ్చాయి. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ కాగితం మీద 280 గుర్రాల కారే. రోలర్లు మాత్రం అంతకంటె ఎక్కువ చూపించేవి. 2004లో ఈ కట్టుబాటు తొలగిపోయింది. అతిశయోక్తి అయినా, అల్పోక్తి అయినా తక్కెడ ముందు నిలవదన్నమాట.

ట్రాక్టరు మూడు సంఖ్యలు

ఇక జహీరాబాదు సంగతి. 1980 దశకంలో హైదరాబాదు ఆల్విన్ సంస్థ నిస్సాన్ కంపెనీ సహకారంతో చిన్న లారీల కర్మాగారాన్ని ఇక్కడ నెలకొల్పింది. అది తరువాత మహీంద్రా సంస్థ చేతికి వచ్చింది. 2013లో ఆ సంస్థ ఇక్కడ ట్రాక్టర్ల కర్మాగారాన్ని కూడా ప్రారంభించింది. కనుక గుర్రాల లెక్క ఈ ప్రాంతానికి దూరపు విషయం కాదు.

ట్రాక్టరుకు సంబంధించినంతవరకు తెలుసుకోవలసిన సంఖ్యలు మూడు. మొదటిది ఇంజను షాఫ్టు దగ్గర ఉన్న సామర్థ్యం. ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనిపించేది ఇదే. రెండవది పి.టి.ఓ. సామర్థ్యం. ట్రాక్టరు వెనుక తిరుగుతూ రోటవేటరును, నూర్పిడి యంత్రాన్ని నడిపే షాఫ్టును పి.టి.ఓ. అంటారు. దాని ప్రామాణిక వేగాలలో ఒకటి నిమిషానికి 540 భ్రమణాలు. అక్కడ డైనమోమీటరు 500 న్యూటన్-మీటర్లు చూపితే సామర్థ్యం 28.3 కిలోవాట్లు, లేదా 38 గుర్రాలకు కొంచెం పైన. 45 గుర్రాల ఇంజనుకు ఇది సహజమైన అంకె. మూడవది లాగుడు సామర్థ్యం. ట్రాక్టరు 1,200 కిలోల బలంతో సెకనుకు ఒకటిన్నర మీటరు వేగంతో నాగలిని లాగుతుంటే 1,200 × 1.5 ÷ 75, అనగా 24 గుర్రాలు. దుక్కి నేలలో చక్రాల జారుడు, మట్టి కుంగుడు తక్కిన వాటిని మింగివేస్తాయి. 45, 38, 24 — మూడూ నిజమే. ఏ పనికి కొంటున్నారో ఆ పనికి సంబంధించిన సంఖ్యను అడగడమే తెలివి.

ట్రాక్టర్ల పరీక్ష ఆవశ్యకతను లోకానికి చూపినది ఒక రైతే. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో విల్మాట్ క్రోజియర్ అనే రైతు, తాను కొన్న ట్రాక్టర్లు ప్రకటనలలో చెప్పిన పని చేయలేక చతికిలబడగా, శాసనసభ్యుడై, పరీక్షకు నిలవని ట్రాక్టరును ఆ రాష్ట్రంలో అమ్మరాదని 1919లో చట్టం చేయించాడు. 1920లో అక్కడ మొదటి పరీక్ష జరిగింది. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో ఉన్న కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఈ పని చేస్తున్నది. అటువంటి దక్షిణ ప్రాంతీయ సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉన్నది. ఇట్లాంటి పరీక్షలో ఇంజనును గంటల తరబడి భారం కింద నడుపుతారు. వేడి వాతావరణంలో ఎంత తగ్గుతుందో కూడా చూస్తారు. కారు రోలరు మీద పది పదిహేను సెకనులు చూపే పరాక్రమానికి, దీనికి ఎంతో తేడా ఉన్నది. పరుగుపందెంలో గెలిచినవాడు రోజంతా మూటలు మోయగలడన్న నమ్మకం లేదు కదా!

విద్యుత్తు కార్ల కాలంలో

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుసేన్‌సాగర్ తీరాన విద్యుత్తు కార్ల అంతర్జాతీయ పందెం జరిగింది. అందులో పాల్గొన్న కార్ల గరిష్ఠ సామర్థ్యం 350 కిలోవాట్లు, అనగా 476 గుర్రాలు. విద్యుత్తు కారులో బ్యాటరీ నుండి వచ్చే సామర్థ్యాన్ని కనుగొనడం సులభం: వోల్టేజిని విద్యుత్ప్రవాహంతో హెచ్చిస్తే చాలు. గాలి సాంద్రతతో పని లేదు. అయినా మోటారులోను, గేరులోను, టైర్లలోను నష్టాలు ఉండనే ఉంటాయి. బ్యాటరీ దగ్గర కొలిచిన సంఖ్య చక్రం దగ్గరి సంఖ్య కాదు. "ఎక్కడ కొలిచారు?" అన్న ప్రశ్న ఇక్కడా తప్పదు.

కొనేవారు అడగవలసినవి

అశ్వసామర్థ్యం ఒక సంఖ్య మాత్రమే కాదు; అది నాలుగు ప్రశ్నలకు సమాధానం. ఎక్కడ కొలిచారు — ఇంజను దగ్గరా, పి.టి.ఓ. దగ్గరా, చక్రం దగ్గరా? ఏ గుర్రం — 746 వాట్లదా, 735.5 వాట్లదా? ఏ గాలిలో, ఏ వేడిలో, ఏ సవరణతో? ఎంతసేపు నిలిచింది? తన కారులో మార్పులు చేయించుకొనేవారికి ఐదవ ప్రశ్న కూడా ఉన్నది: మార్పుకు ముందూ తరువాతా ఒకే యంత్రం మీద, ఒకే గేరులో, ఒకే టైరు గాలితో కొలిచారా? రెండు వేర్వేరు డైనోల సంఖ్యలను పోల్చడం కంటె, ఒకే డైనో మీది రెండు కొలతలను పోల్చడం ఎంతో నమ్మదగినది.

చెరకు తోలే రైతు కాటా దగ్గర నిలబడి ముల్లును, అంకెను శ్రద్ధగా చూస్తాడు. తన పంట తూకం తనకు తెలియాలి. ట్రాక్టరు కొనేటప్పుడు కూడా అతడు అంత శ్రద్ధతో పరీక్షా నివేదికను అడిగి చూడడం మంచిది. అప్పు తీర్చవలసినది ప్రకటనలోని గుర్రాలు కాదు; చేనులో నిజంగా నడిచే గుర్రాలే.